సారా దుకాణం

సారా దుకాణం లేదా సారా కొట్టు అనగా ప్రభుత్వం నిర్వహించిన వేలంపాటలో హక్కు పొందినవారు సారాయిని అమ్మిన అంగడి. ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ దుకాణాలు 1993 అక్టోబరు 1 నుండి రద్దయ్యాయి. పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి చెందిన జగ్గయ్యపేట, నందిగామ పట్టణాలు 2022 ఏప్రిల్ నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. హైదరాబాదు - విజయవాడ రహదారిపై, రెండు పాలనల సరిహద్దున ఉండటం వలన మద్యం చట్టాలలో వచ్చిన ప్రతి మార్పు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

కల్లు, సారా

కల్లు తాటి, ఈత చెట్ల నుండి గీసే పానీయం. దీనిని గీసి అమ్మడం గీత కార్మికుల కులవృత్తి. సారాయి బట్టీలలో కాచి తీసేది. పూర్వం ఇప్పపువ్వు, బెల్లం మొదలైనవాటితో కాచేవారు. తరువాతి కాలంలో చక్కెర మిల్లుల మడ్డి నుండి తీసిన స్పిరిట్‌లో నీరు కలిపి తయారుచేసిన సారాయి దుకాణాలకు వచ్చేది. కల్లుకు ఊరిలోని చెట్టు, గీసే మనిషి కావాలి. సారాయికి ఆ అవసరం లేదు. అందుచేత సారా వ్యాపారం డబ్బున్నవారి చేతిలోకి సులభంగా వెళ్ళింది.

పాటదారులు

మద్రాసు ఆబ్కారీ చట్టం 1886లో వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన కృష్ణా జిల్లాకు ఈ చట్టమే వర్తించేది. దుకాణపు హక్కును వేలం వేసి, ఎక్కువకు పాడినవారికి గుత్తకు ఇచ్చేవారు. వీరిని పాటదారులు, గుత్తదారులు అని, తరువాతి కాలంలో కాంట్రాక్టర్లు అని పిలిచారు. దుకాణానికి అసలు యజమాని పాటదారే అయినా అతడు దుకాణంలో కూర్చోవలసిన పని లేదు. పాక లేదా గది వేరొకరిది, గల్లా దగ్గర కూర్చునే మనిషి జీతగాడు. పాట గడువు ముగిస్తే యజమాని మారవచ్చు. పాడిన సొమ్మును గడువులోగా రాబట్టుకోవాలి కనుక అమ్మకం పెంచడమే పాటదారుని లక్ష్యంగా ఉండేది. పాట పెరిగితే ప్రభుత్వ ఆదాయమూ పెరిగేది.

మొదటి నిషేధం, సరిహద్దు

రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో ప్రారంభించిన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలులోకి వచ్చింది. హైదరాబాదు రాష్ట్రంలో అటువంటి నిషేధం లేదు. ఆ విధంగా జగ్గయ్యపేట వైపు దుకాణాలు మూతపడగా, సరిహద్దుకు అవతల కోదాడ వైపు అమ్మకం చట్టబద్ధంగానే సాగింది. నందిగామ తాలూకాలో భాగమైన మునగాల పరగణా చుట్టూ హైదరాబాదు రాష్ట్రపు గ్రామాలే ఉండేవి. మునగాల తరువాత నల్గొండ జిల్లాలో కలిసింది. 

ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధ సమస్యపైనే అవిశ్వాస తీర్మానంలో ఓడిపోయింది. గీత కార్మికుల ఉపాధి ఆ చర్చలో ముఖ్యాంశం. 1956లో ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడా ఒకే రాష్ట్రంలో ఆంధ్ర ప్రాంతానికి నిషేధం, తెలంగాణకు అమ్మకం అనే రెండు పద్ధతులు కొన్నాళ్ళు కొనసాగాయి. 1968లో ఎక్సైజ్ చట్టం చేశారు. 1960ల చివర ఆంధ్ర ప్రాంతంలో నిషేధం తొలగిపోవడంతో వేలంపాటలు తిరిగి వచ్చాయి.

వారుణి వాహిని

1980లలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారాయిని ప్లాస్టిక్ ప్యాకెట్లలో సరఫరా చేయించింది. కల్తీని అరికట్టడం దీని ఉద్దేశాలలో ఒకటి. కాని ప్యాకెట్టును సంచిలో వేసుకొని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. కాబట్టి దుకాణం ఉన్నచోటికి మనిషి వెళ్ళే రోజులు పోయి, కూలి ముట్టిన చోటికే సారాయి వచ్చింది. రాష్ట్ర ఎక్సైజ్ ఆదాయం 1970-71లో సుమారు 39 కోట్ల రూపాయలు కాగా 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. ఈ సొమ్ములో అధికభాగం కూలివారి ఇళ్ళనుండి వచ్చినదే.

ఉద్యమం, దుకాణాల మూసివేత

నెల్లూరు జిల్లాలో 1991లో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. రాత్రి బడులలో చదువుకున్న స్త్రీలు తమ ఇంటి కష్టాలను చర్చించుకొని, 1992లో సారా వ్యతిరేక ఉద్యమం నడిపారు. దూబగుంట గ్రామానికి చెందిన వర్ధినేని రోశమ్మ ఈ ఉద్యమానికి ప్రతీకగా నిలిచింది. ఉద్యమకారులు దుకాణాలను మూయించడమే కాక, వేలంపాటలనే అడ్డుకున్నారు. పాట జరగనిదే పాటదారు లేడు, పాటదారు లేనిదే దుకాణం లేదు. నెల్లూరు జిల్లాలో 1993 ఏప్రిల్ 15 నుండి, రాష్ట్రమంతటా అదే ఏడాది అక్టోబరు 1 నుండి సారాయిని నిషేధించారు. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలలోని సారా దుకాణాల కథ కూడా ఆ రోజుతో ముగిసింది.

తరువాతి పరిణామాలు

1995లో విధించిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు. సారా దుకాణం మాత్రం తిరిగి రాలేదు. దాని స్థానాన్ని సీసా మద్యం అమ్మే వైన్ షాపులు, వాటికి అనుబంధంగా అనుమతి లేకుండా నడిచే బెల్టు షాపులు ఆక్రమించాయి. దొంగచాటుగా కాచే నాటుసారా సమస్య కూడా మిగిలింది. ఆంధ్ర ప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుండి ప్రభుత్వమే మద్యం దుకాణాలను నడిపింది. 2024 అక్టోబరులో వాటిని లాటరీ పద్ధతిన తిరిగి ప్రైవేటు వ్యక్తులకు కేటాయించారు. 2014లో రాష్ట్రం విడిపోవడంతో జగ్గయ్యపేట మరల రెండు రాష్ట్రాల సరిహద్దు పట్టణమైంది. రెండు వైపులా మద్యం విధానాలు, ధరలు మరల వేరయ్యాయి.