గట్టు కింద కాపురం

మొన్న పెరట్లో పూలకుండీ పక్కకి జరిపేసరికి కింద నుంచి నల్లటి పురుగొకటి సర్రున పరిగెత్తింది. మా మనవరాలు చెప్పు తీసింది.

“ఆగవే తల్లీ! అది మన రాత్రి కాపలావాడు.”

“జీతమెంత తాతయ్యా?”

“జీతం లేదు, తిండి మాత్రమే. ఆ తిండి కూడా మన మొక్కల్ని తినే పురుగులే.”

చెప్పు కిందికి దిగింది కానీ, పురుగు అప్పటికే ఇటుకల సందులో దూరిపోయింది. అక్షింతల పురుగుని చూస్తే అందరూ ముచ్చటపడతారు, దీన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఇది నేల పెంకుపురుగు, ఇంగ్లీషువాళ్ళ గ్రౌండ్ బీటిల్. ప్రపంచం మొత్తం మీద 40,000 దాకా జాతులున్నాయి. పగలు రాయి కిందో ఆకుల కిందో పడుకోవడం, చీకటి పడ్డాక వేటకి బయల్దేరడం వీటిలో చాలావాటికి అలవాటు. నోట్లో పెట్టుకోవాలని మాత్రం చూడకు. కేంబ్రిడ్జిలో చదివే రోజుల్లో డార్విన్‌కి పెంకుపురుగులంటే పిచ్చి. రెండు చేతుల్లో రెండు పట్టుకున్నాక మూడోది కనబడితే, చేతిలోదాన్ని నోట్లో వేసుకున్నాడట. అది చిమ్మిన రసానికి నాలుక మండి ఉమ్మేశాడు. నోట్లోదీ పోయింది, మూడోదీ పోయింది!

వీటిలో చాలా జాతులు ఎగరలేవు. పైన పెంకు ఉంటుంది, దాని కింద రెక్కలు సరిగ్గా ఉండవు. కాళ్ళనే నమ్ముకున్న జీవాలు. నేలకి మనం ఏం చేసినా ఆ దెబ్బ ముందు వీటికే తగిలేది అందుకే. జర్మనీలో వీపు మీద గుర్తు పెట్టి వదిలి చూశారు. అడవి మధ్య నుంచి పోయే రోడ్డుని దాటినవి దాదాపు లేవు. మనకి నాలుగడుగుల్లో దాటే తారురోడ్డు దానికో గోదావరి! ఇటు పక్కవి ఇటే, అటు పక్కవి అటే ఉండిపోయాయి. ఇటువైపు ఓ ఏడాది వాన ముంచేసో ఎండ మాడ్చేసో అన్నీ చచ్చిపోతే, అటువైపు నుంచి వచ్చి కాపురం పెట్టే దిక్కుండదు.

నెదర్లాండ్స్‌లో వైస్టర్ అనే ఊరి దగ్గర ఈ పురుగుల లెక్క 1959 నుంచి కడుతున్నారు. నేలలో డబ్బా పాతి, అంచు మట్టికి సమంగా పెడతారు. రాత్రి తిరిగే పురుగు అందులో పడుతుంది. పరికరం అంతే! 1985 నుంచి 2016 దాకా చూస్తే ఏటా సగటున 4 శాతానికి పైగా తగ్గుతూ వచ్చాయని తేలింది. నూటికి నాలుగేగా అనుకోకు. చక్రవడ్డీ అప్పుని ఎలా పెంచుతుందో, ఇది ఆస్తిని అలా తరిగిస్తుంది. వందతో మొదలుపెట్టి ఏటా నాలుగో వంతు కాదు, నూటికి నాలుగే తీసేస్తూ పో. ముప్పై ఏళ్ళకి ముప్పై కూడా మిగలవు.

ఇంగ్లండు కథ వేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తిండిగింజల కోసం అక్కడ కంచెపొదలు పీకేసి చిన్న పొలాల్ని కలిపేశారు. పెద్ద యంత్రం తిరగాలిగా మరి! అయితే ఈ పురుగులు చలికాలం గడిపేది ఆ పొదల మొదళ్ళలోనే. వసంతంలో అంచు నుంచి నడుచుకుంటూ బయల్దేరితే, చేను మధ్యకి చేరేలోపే గోధుమని పేనుబంక పట్టేసేది. 1980ల్లో స్టీవ్ రాటెన్, మాథ్యూ థామస్ వంటి శాస్త్రవేత్తలు చేసిన పని వింటే మన రైతు నవ్వుతాడు. చేను మధ్యలో నాగలితో మట్టి ఎగదోసి అడుగు పైచిలుకు ఎత్తున గట్టు వేశారు, దాని మీద కుదుళ్ళు కట్టే గడ్డి చల్లారు. ట్రాక్టరు తిరగడానికి రెండు చివర్లా ఖాళీ వదిలారు. రెండు మూడేళ్ళలో ఆ గడ్డి కుదుళ్ళలో చదరపు మీటరుకి వెయ్యికి పైగా పెంకుపురుగులూ సాలీళ్ళూ చలికాలం తలదాచుకున్నాయి. దానికి ‘బీటిల్ బ్యాంక్’ అని పేరు పెట్టారు. అదేమిటి, గట్టేగా!

మన వరిచేలోనూ ఇలాంటి పురుగుంది. ఎర్రటి గోధుమరంగు ఒళ్ళు, సన్నటి నడుము. ఆకుముడత పురుగు ఆకుని చుట్టుకుని లోపల దాక్కుంటే ఇది ఆ గూట్లోకే దూరి తినేస్తుంది. దీని పిల్లపురుగు కూడా తక్కువది కాదు, రోజుకి మూడు నుంచి ఐదు ముడత పురుగుల్ని మింగుతుంది. చేలో ఎప్పుడూ నీళ్ళే కదా, మరి ప్యూపా దశలోకి వెళ్ళేదెక్కడ? గట్టు మట్టిలో.

ఆ గట్టుతో మనం చేసేదేమిటి? మా నాన్న, మా బాబాయి గట్టు తగాదాల్లోనే సగం జీవితం గడిపారు. ఏటా ఊడ్పుల ముందు చెరో పక్కా ఇంత చెక్కుతూ పోతే, చివరికి ఒక్క కాలు పెట్టి నడిచే వెడల్పు మిగిలింది. అప్పట్లో కనీసం పారతో చెక్కేవాళ్ళం, గట్టు మీద నాలుగు కంది మొక్కలుండేవి. ఇప్పుడు కూలి ఖర్చని గట్టంతా కలుపుమందు కొడుతున్నారు. ఎండి ఎర్రబడిన గట్టు మీద నీడ ఏది, తేమ ఏది? పైగా ఆకుముడత కనబడగానే కొట్టే మందుకి ముడత పురుగు ఎవరో, దాన్ని తినేది ఎవరో తేడా తెలీదు.

“వైస్టర్‌లో పెట్టినట్టు మన గట్టు మీద డబ్బా పెడదామా తాతయ్యా?”

“సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పెడదాం. ఒక ప్లాస్టిక్ గ్లాసు తెచ్చుకో. పొద్దున్నే లేచి లెక్కపెట్టి వదిలెయ్యాలి, మధ్యాహ్నం దాకా నిద్రపోతే కుదరదు. అన్నట్టు, గ్లాసు అడుగున సన్నటి చిల్లి పెట్టడం మర్చిపోకు. మంచునీళ్ళు దిగినా మునిగి చచ్చిపోతాయి.”