మీకు తెలుసా? కదలని బొమ్మ పరుగెత్తేది ఇలా!

కామిక్స్‌లో ఎవరైనా ఒక్క ఉదుటున పరుగు తీస్తే, వాళ్లు నిలబడ్డ చోట చిన్న దుమ్ము మేఘం మిగిలిపోతుంది. దానికీ ఓ పేరుంది: బ్రిఫిట్! అడ్డంగా సాగే వేగపు గీతలు హైట్స్, తల చుట్టూ ఎగిరే చెమట బొట్లు ప్లూడ్స్. ‘బీటిల్ బెయిలీ’ సృష్టికర్త, అమెరికన్ కార్టూనిస్టు మోర్ట్ వాకర్ సరదాకి ఇలాంటి పేర్లన్నీ పోగేసి 1980లో ఏకంగా పుస్తకమే వేశాడు.

అసలు పనితనమంతా గీతల్లోనే ఉందనుకోకండి. బెల్జియం చిత్రకారుడు ఎర్జే గీసిన ఓ టిన్‌టిన్ కథలో, ఎడారి పోరులో టిన్‌టిన్ నేస్తం కెప్టెన్ హాడాక్ వీరావేశంతో మీదికి రాగానే దొంగలు పలాయనం చిత్తగిస్తారు. ఆ ఒక్క గడిలోనే ఒకడు నేలమీదే ఉన్నాడు, ఒకడు లేస్తున్నాడు, మరొకడు అప్పటికే పరుగందుకున్నాడు. వీళ్లు వేర్వేరు మనుషులా, లేక ఒకే మనిషి తాలూకు వరుస క్షణాలా? ఎలా చూసినా సరిపోతుంది. తనకు బాగా నచ్చిన బొమ్మల్లో ఇదొకటని ఎర్జేనే చెప్పుకున్నాడు.

జపాన్ కామిక్స్ అయిన మాంగా గీసేవాళ్ల దారి వేరు. మనిషిని స్పష్టంగా ఉంచి, వెనకున్న దృశ్యాన్ని గీతలుగా సాగదీస్తారు. దాంతో పాఠకుడూ అతని పక్కనే దూసుకుపోతుంటాడు.

అన్నట్టు, మాంగాను కుడి నుంచి ఎడమకు చదువుతారు. మొదట్లో ఇంగ్లిష్ అనువాదాల కోసం పేజీలను అద్దంలోలా తిప్పి అచ్చేయడంతో, కుడిచేత్తో కత్తి దూసే సమురాయ్‌లు కాస్తా ఎడమచేతి వాటం వాళ్లయిపోయారు!