తెలుగు డిటెక్టివ్ నవల: నకలా, సొంతమా?

ఉద్దేశం

ఈ భాగం చదివిన తరవాత మీరు
• బ్రిటిష్ చౌక డిటెక్టివ్ నవలల ముఖ్య లక్షణాలను చెప్పగలుగుతారు.
• వాటి నుంచి తెలుగు రచయితలు ఏం తీసుకున్నారో, ఏం మార్చుకున్నారో వివరించగలుగుతారు.

1. పరిచయం

1950, 60 దశకాల్లో తెలుగువాళ్లు విరివిగా చదివిన పుస్తకాల్లో డిటెక్టివ్ నవలలు ముఖ్యమైనవి. అయినా సాహిత్య చరిత్రల్లో వీటికి దక్కిన చోటు తక్కువ. ‘ఇంగ్లీషు నవలలకు నకళ్లు’ అన్న అభిప్రాయం అందుకు ఒక కారణం. అది ఎంతవరకు నిజమో చూద్దాం.

2. బ్రిటిష్ నమూనా

కొయ్యగుజ్జుతో తయారైన నాసిరకం కాగితం మీద అచ్చువేసి, చవకగా అమ్మిన కథలకు ‘పల్ప్’ సాహిత్యం అని పేరు. బ్రిటన్‌లో దీనికి మంచి ఉదాహరణ సెక్స్‌టన్ బ్లేక్. 1893లో ఒక అర్ధపెన్నీ వారపత్రికలో పుట్టిన ఈ డిటెక్టివ్‌కు తరవాత టింకర్ అనే కుర్రాడు సహాయకుడయ్యాడు. 1915 నుంచి బ్లేక్ కథలు విడి పుస్తకాల వరసగా వెలువడ్డాయి. వీటిని ఎందరో రచయితలు రాశారు. అంటే రచయితలు మారినా కథానాయకుడు మారడు.

జేమ్స్ హాడ్లీ చేజ్ సంగతి ఇంకా ఆసక్తికరం. ఆయన అసలు పేరు రెనే రేమండ్, పుట్టింది లండన్‌లో. 1939లో వచ్చిన తొలి నవలకు అమెరికాను రంగస్థలంగా ఎంచుకున్నాడు. అమెరికన్ల వాడుక మాటల నిఘంటువులు, పటాలు దగ్గర పెట్టుకుని అక్కడి వాతావరణాన్ని సృష్టించాడు. కాబట్టి మనం ‘అసలు’ అనుకునే బ్రిటిష్ నవలలోనే అరువు ఉంది.

3. తెలుగులో పరిణామం

తెలుగు డిటెక్టివ్ నవలకు ఇంగ్లీషు ఒక్కటే దారి కాదు. 20వ శతాబ్దం తొలి దశకాల్లో బెంగాలీ రచయిత పాంచ్‌కడి దే నవలలు తెలుగులోకి వచ్చాయి. శతాబ్దం మధ్యకు వచ్చేసరికి కొమ్మూరి సాంబశివరావు (1926–1994) సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ ఇంటింటి పేరయ్యాడు. సహాయకుడు రాజు, పోలీసు శాఖలో స్నేహితుడు ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. కవి ఆరుద్ర కూడా ‘పలకల వెండిగ్లాసు’ వంటి డిటెక్టివ్ నవలలు రాశాడు.

డిటెక్టివ్, కుర్ర సహాయకుడు, పోలీసు అధికారి అన్న అమరిక బయటిదే. కాని బ్లేక్‌లా యుగంధర్ పలువురు పంచుకున్న పాత్ర కాదు. పాఠకుడు కొమ్మూరి పేరు చూసి పుస్తకం తీసేవాడు. ఇది మొదటి తేడా.

4. స్థలం మార్పు: నెల్లూరు పాఠకుడి వైపు నుంచి

యుగంధర్ కార్యరంగం మద్రాసు. దీని అర్థం తెలియాలంటే నెల్లూరు తీరం మంచి ఉదాహరణ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. కావలి, నెల్లూరు, గూడూరు మూడూ మద్రాసు రైలు మార్గం మీదే ఉన్నాయి. పెద్దాసుపత్రికైనా, పై చదువుకైనా, సినిమా అవకాశానికైనా ఇక్కడివాళ్లకు దగ్గరి మహానగరం అదే. తెలుగు పుస్తకాలు అచ్చయ్యే పెద్ద కేంద్రాల్లో అదీ ఒకటి.

కాబట్టి కథ లండన్ నుంచి మద్రాసుకు మారడం వీధుల పేర్లు మార్చడంతో ముగిసేది కాదు. లండన్ పొగమంచును నెల్లూరు పాఠకుడు ఊహించుకోవాలి. మౌంట్ రోడ్డు మాత్రం తన అన్నో, మేనమామో తిరిగి వచ్చి చెప్పిన చోటు. ‘మనవాళ్లు వెళ్లే ఊళ్లో ఇలా జరిగితే?’ అన్న భయం అనువాదంలో దొరకదు. ఇది రెండో తేడా.

5. అంచనా వేయడం ఎలా?

ఒక నవల నకలో కాదో తేల్చడానికి మూడు ప్రశ్నలు వేసుకోండి.
(అ) కథాక్రమం ఒక మూల నవలను అడుగడుగునా అనుసరించిందా?
(ఆ) నేరానికి కారణం ఇక్కడి ఆస్తి తగాదాలు, కుటుంబ సంబంధాల నుంచి పుట్టిందా?
(ఇ) సంభాషణలు ఇక్కడి మనుషులు మాట్లాడుకునేలా ఉన్నాయా?

కొన్ని నవలలు ఈ పరీక్షలో నిలవవు, కొన్ని నిలుస్తాయి. అన్నిటికీ ఒకే తీర్పు చెప్పడం చదవకుండా మార్కులు వేయడమే.

అయితే తీర్పు చెప్పాలంటే పుస్తకం చేతికి అందాలి. చౌక కాగితం పెళుసుబారి పొడి అవుతుంది. ఈ నవలలను ఊరూరా తిప్పిన అద్దె పుస్తకాల షాపులు చాలావరకు మూతపడ్డాయి. చదివి పారేసే సరుకని భావించి గ్రంథాలయాలు వీటిని అంతగా భద్రపరచలేదు. ఆధారం పోయాక ‘నకళ్లు’ అన్న మాటే చరిత్రగా మిగిలిపోతుంది.

6. సారాంశం

తెలుగు డిటెక్టివ్ నవల రూపాన్ని బయటి నుంచి తీసుకుంది. నగరాన్ని, మనుషులను, భయాలను ఇక్కడివిగా చేసుకుంది. దాని విలువను పుస్తకం పుస్తకంగా తేల్చాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సెక్స్‌టన్ బ్లేక్, యుగంధర్ పాత్రల మధ్య పోలికలు, భేదాలు రాయండి.
2. మీ ఇంట్లోగాని, ఇరుగుపొరుగున గాని 1980కి ముందు అచ్చయిన డిటెక్టివ్ నవల ఉంటే దాని పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం, ధర నమోదు చేయండి. పై మూడు ప్రశ్నలను దానికి అన్వయించి ఒక పేజీ రాయండి.