మూతలోని బిళ్ళ

మా ఈడు వారిలో గోలీ సోడా ఎరుగనివారు ఉండరు. సువార్త సభల పందిరి వెలుపల, బస్టాండు దగ్గర, సోడా బండి అతను బొటనవేలితో గోలీని లోనికి నొక్కగానే వచ్చే కూత విని పరుగెత్తినవారమే మనమంతా. ఆ సీసాను 1872వ సంవత్సర ప్రాంతంలో ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఇంజనీరు రూపొందించాడు. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి, సీసా మెడలోని రబ్బరు చుట్టుకు అదిమి పెడుతుంది. అదే దానికి మూత. ఇనుము లేదు, మర లేదు. కడిగి మళ్ళీ గ్యాసు నింపితే మళ్ళీ అదే గోలీ, అదే మూత. అయితే పిల్లల మనస్సు సోడా మీద కంటె గోలీ మీదనే ఉండేది. సీసా పగులగొట్టి గోలీ తీసుకొన్న పిల్లలు ఇంగ్లండులోనూ ఉన్నారు, మన ఊళ్ళలోనూ ఉన్నారు. మేమూ ఒకటి పగులగొట్టి దెబ్బలు తిన్నాము.

మూతలో ఏదో ఉన్నదని తెలిస్తే పిల్లలు దానిని బయటకు తీసేవరకు ఊరుకోరు. ఈ నెల మేము వ్రాయబోయేది అటువంటి ఒక మూతను గూర్చియే. అది మా ఇంటిలోనికి బహుమానంగా వచ్చింది.

పోయిన సంవత్సరం మా ఇంట గృహప్రతిష్ఠ ప్రార్థన జరిగినప్పుడు బంధువులలో ఒకరు ఒక స్టీలు ఫ్లాస్కు ఇచ్చారు. దాని మూత మీద వేలు ఆనిస్తే చాలు, అంకెలు వెలుగుతాయి. పాలు పోస్తే 71, కొంతసేపటికి 68, అలాగు. వచ్చినవారందరు వేలు పెట్టి చూసినవారే. అయ్యగారు కూడ ప్రార్థన ముగించి, టీ తాగుతూ ఒకసారి నొక్కి చూసి నవ్వారు. ఇప్పుడిటువంటి ఫ్లాస్కులు పెండ్లి కానుకలలోనూ, బడి పిల్లల బహుమతులలోనూ కనబడుతున్నాయి గనుక మీలో చాలామంది ఇండ్లలో ఒకటైనా ఉండవచ్చును.

ఆ అంకెలు ఎలాగు వస్తున్నాయో మా మనుమడికి తెలుసుకోవాలని ఉండేది. వాడు పదేండ్లవాడు, అయిదో తరగతి. మేము తెలిసినవారిని అడిగి వాడికి చెప్పినదే మీకును చెప్పుచున్నాము. మూత అడుగున చిన్న లోహపు మొన ఒకటి ఉంటుంది. దానిలో, వేడి పెరిగినకొద్దీ విద్యుత్తును మరింత సులువుగా పోనిచ్చే ఒక చిన్న పదార్థపు పలుకు ఉంటుంది. దానిని థర్మిస్టర్ అంటారు. ఎంత విద్యుత్తు పోయిందో కొలిచి, గోరంత చిప్పు దానిని డిగ్రీల లెక్కలోనికి మార్చి, పైనున్న తెర మీద చూపిస్తుంది. దీనికంతటికి కావలసిన శక్తి ఒక బిళ్ళ సెల్లు నుండి వస్తుంది.

ఇక్కడ ఒక పొరపాటు మా ఇంటిలోనే జరిగింది. సెల్లు ఉన్నది గనుక అదే పాలను వేడిగా ఉంచుతున్నదని మేమనుకొన్నాము. కాదు. వేడిని కాచేది రెండు స్టీలు గోడల మధ్యనున్న గాలి లేని ఖాళీ. 1892లో జేమ్స్ డ్యూవర్ అనే శాస్త్రవేత్త చేసిన పాత్రలోని ఉపాయమే అది. సెల్లు అయిపోయినా ఫ్లాస్కు ఫ్లాస్కే. పైగా ఆ మొన తన్ను తాకినదాని వేడినే చెబుతుంది. ఫ్లాస్కు సగమే ఉంటే అది చెప్పేది పాల సంగతి కాదు, పైనున్న ఆవిరి సంగతి. అంకె చూసి పసిబిడ్డకు పాలు పట్టేవారు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

ఇంతకంటె గొప్ప మూతలూ ఉన్నాయి. అమెరికాలోని లార్క్ అనే కంపెనీ సీసా మూతలో కంటికి కనబడని అతినీలలోహిత కాంతినిచ్చే దీపం అమర్చింది. మీట నొక్కితే ఒక నిమిషం వెలిగి నీటిలోని సూక్ష్మక్రిములను చంపుతుంది. దానిని సెల్‌ఫోను వలె చార్జి చేసుకొంటారు. మంచి సంగతే. అయితే నల్గొండ ప్రాంతపు పాఠకులకు ఒక మాట: ఏ వెలుగూ నీటిలోని ఫ్లోరైడును తీసివేయదు. కాచినా అది పోదు, నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. పటికా సున్నమూ వేసి దానిని తీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు; ఆ పని మూత చేయలేదు. అసలు మన పెద్దలు మూతను కోరినది ఒక్కటే, లోపలిది లోపల, బయటిది బయట ఉండడం. సంఖ్యాకాండము 19వ అధ్యాయంలో మూత వేసి కట్టని పాత్రను గూర్చిన కట్టడ చదివినవారికి ఈ సంగతి ఎంత పాతదో తెలుసు.

ఇక అసలు సంగతికి వస్తాము. కొన్ని నెలల తరువాత అంకెలు మసకబారినవి. ఒక సాయంకాలం మా మనుమడు గోళ్ళు కత్తిరించే కట్టరు మొనతో మూత అడుగు బిళ్ళను లేపాడు. అది మర వేసినది కాదు, ఊరకే ఒత్తి పెట్టినది, వెంటనే వచ్చేసింది. సెల్లు తీసి అరుగు మీద పెట్టి, అటువంటిదే ఇంకొకటి దొరుకుతుందేమో కనుక్కొని వద్దామని కొట్టుకు పోయాడు. తిరిగి వచ్చేసరికి సెల్లు లేదు. అరుగు ప్రక్కన మా చిన్న మనుమరాలు కూర్చొని ఉన్నది. పద్నాలుగు నెలల పిల్ల. నోటి వెంట చొంగ కారుతున్నది, రెండుసార్లు దగ్గింది.

"అత్తయ్యా, పాప నోట్లో ఏదో పెట్టుకొన్నట్లుందండీ" అన్నది మా కోడలు.

అప్పుడు మేము చేసిన పని చెప్పుకొనుటకు సిగ్గుగా ఉన్నది, అయినా చెప్పవలెను. నాణెం మింగిన పిల్లలను మేము చూడలేదా? అరటిపండు పెట్టండి, తెల్లారేసరికి అదే విరేచనంలో పడిపోతుంది అన్నాము. పెట్టాము కూడ. కోడలికి మనస్సు ఒప్పలేదు, కాని పెద్దవారి మాట కాదనలేక పిల్లను ఎత్తుకొని తిరుగుతున్నది. మనుమడు మాత్రం ఏడుస్తూ మా పంచె కొంగు వదలడు. "తాతయ్యా, అది నాణెం కాదు. దాని మీద మూడు వోల్టులని ఉంది. నేను చదివాను తాతయ్యా."

పట్నంలో పని చేస్తున్న మా కుమారుడికి ఫోను చేస్తే, "నాన్నా, ఇంకా ఇంట్లోనే ఉన్నారా?" అన్నాడు. అప్పటికి గంట సేపు గడిచిపోయింది. ఆటో మాట్లాడుకొని పద్దెనిమిది కిలోమీటర్లు వెళ్ళాము. దారి పొడుగునా ఎవరమూ నోరు విప్పలేదు. ప్రార్థన కూడ లోలోపలనే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వెంటనే ముక్కు నుండి పొట్ట వరకు ఎక్స్‌రే తీయించింది. ఏమీ లేదు. దేవుని కృప వలన పిల్ల దానిని మింగలేదు. కాని ఆమె మమ్మల్ని ఊరకే పంపలేదు, కూర్చోబెట్టి మాట్లాడింది.

"పెద్దవారు, మిమ్మల్ని అనకూడదు గాని, ఏమి తినిపించారండీ?"

"అరటిపండు, అమ్మా."

"మత్తు ఇచ్చి తీయవలసి వస్తే పొట్ట ఖాళీగా ఉండాలి కదండీ. నాణెమైతే చాలాసార్లు దానంతటదే పోతుంది. ఇది అలా కాదు."

ఎందుకు కాదో ఆమె చెప్పినది మేము తిరిగి చెప్పుచున్నాము. ఈ మూతలలోనూ, కారు తాళాలలోనూ, చిన్న రిమోట్లలోనూ తరచుగా వాడే సెల్లు పేరు సి.ఆర్. 2032. అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు, 3 వోల్టులు. ఆ అడ్డమే చేటు తెస్తుంది, చిన్నపిల్లల అన్నవాహికలో అంత బిళ్ళ ఇరుక్కొంటుంది. అక్కడ తడిగా ఉన్న మాంసాన్ని ఆనుకొని నిలిచిన వెంటనే విద్యుత్తు దాని గుండా పారుతుంది. సెల్లు పగలనక్కరలేదు, లోపలి మందు కారనక్కరలేదు. ఆ విద్యుత్తే సెల్లు ఋణధ్రువం దగ్గర చాకలి సోడా కంటె ఎంతో ఘాటైన క్షారాన్ని పుట్టిస్తుంది. రెండు గంటలలో లోతైన గాయం కావచ్చును. సెల్లు తీసివేసిన తరువాత కూడ ఆ గాయం రోజుల తరబడి లోపలికి తొలుచుకొని పోయి, గాలిగొట్టానికో పెద్ద రక్తనాళానికో చేరవచ్చును.

"మాది అయిపోయిన సెల్లమ్మా, వెలగడమే మానేసింది" అన్నాము మేము. దీపం వెలిగించలేని సెల్లులో కూడ గొంతు కాల్చడానికి చాలినంత శక్తి మిగిలియుంటుందట. ఈ ఒక్క మాట మాకు ఇంతకుముందు ఎవరైనా చెప్పియుంటే ఆ గంట పోగొట్టుకొనేవారము కాము.

మింగినట్లు ఎవరూ చూడకపోవచ్చును. చొంగ కారడం, దగ్గు, అన్నం వద్దనడం, వాంతి, జ్వరం, ఇవి మామూలు జలుబు లాగే కనబడతాయి. కొందరు పిల్లలలో మొదట ఏ గుర్తూ ఉండదు. ఎక్స్‌రేలో సెల్లు అంచున రెండు వలయాలు కనబడతాయి, నాణెమైతే ఒక్కటే. కనుక "బిళ్ళ సెల్లు మింగిందేమోనని అనుమానం" అని ఆసుపత్రిలో స్పష్టంగా చెప్పవలెను. వాంతి చేయించకూడదు. అన్నం, పాలు, పండు ఏదీ పెట్టకూడదు. ఒక్క తేనెకు మాత్రం వైద్యులు మినహాయింపు ఇచ్చారు. అది గొంతులో పూతవలె నిలిచి గాయం వేగాన్ని తగ్గిస్తుందని 2018లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. ఏడాది నిండిన బిడ్డకు, మింగి పన్నెండు గంటలు దాటకపోతే, మ్రింగగలిగే స్థితిలో ఉంటే, పది నిమిషాలకు ఒకసారి రెండు చెంచాల చొప్పున, ఆరుసార్లకు మించకుండా నాకించవచ్చును. ఏడాది నిండని బిడ్డకు తేనె ఎన్నడూ పెట్టకూడదు. తేనె వెదకుతూ ఇంట్లో నిలువకూడదు, ఉంటే చేతిలో పట్టుకొని బయలుదేరవలెను. బండి దొరకకపోతే 108కి ఫోను చేయండి. ముక్కులోనో చెవిలోనో పెట్టుకొన్నా పరుగు పరుగే, అక్కడా అదే విధంగా కాలుతుంది.

అమెరికాలోని టెక్సాస్‌లో రీస్ హామ్‌స్మిత్ అనే ఏడాదిన్నర పాప రిమోటులోని ఇటువంటి సెల్లు మింగి 2020 డిసెంబరులో మరణించింది. ఆ తల్లి ఊరకుండలేదు. ఆ పాప పేరుననే 2022 ఆగస్టులో ఆ దేశంలో చట్టం వచ్చింది. సెల్లు మార్చే అర మూతను స్క్రూడ్రైవరు వంటి పనిముట్టుతో గాని, ఒకేసారి రెండు రకాలుగా చేయి కదిపితే గాని తెరవలేనట్లు ఉండాలి. ఆస్ట్రేలియాలో ఆ సంవత్సరమే జూన్ నుండి ఇటువంటి నియమం తప్పనిసరి అయింది. మన దేశంలో ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. మంచిదే, కాని ఫ్లాస్కు మూతను ఎవరూ ఆటబొమ్మ అనరు. పిల్లలకు మాత్రం అది ఆటబొమ్మే.

అందుచేత ఇంట్లో అటువంటి ఫ్లాస్కు ఉన్నవారు ఈ రోజే మూతను తిరగేసి చూడండి. మర ఉన్నదా, గోటితో వస్తుందా? గోటితో వచ్చేదైతే పెద్దవారే సెల్లు తీసివేసి, దానికి రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకు అందని చోట పెట్టి, పట్నం వెళ్ళినప్పుడు పాత సెల్లులు తీసుకొనే చోట ఇచ్చివేయండి. సండే స్కూలు బహుమతులు కొనేవారికి ఇంకొక మనవి: వెలిగే మూతకు ఇచ్చే డబ్బుతో మంచి స్టీలు సీసా వస్తుంది.

మా సెల్లు సంగతి చెప్పనేలేదు కదా. మరునాటి ఉదయం చీపురు పట్టిన కోడలికి అరుగు క్రింద, కోళ్ళ గంప అంచున దొరికింది. మనుమడు దానిని చూసి మళ్ళీ ఏడ్చాడు. నీ తప్పు కాదురా, చదివినవాడివి నువ్వొక్కడివే అని వాడి తల నిమిరాము.

ఫ్లాస్కు ఇప్పటికీ వాడుతున్నాము. అంకెలు లేవు. పాప పాలు చల్లారాయో లేదో వాళ్ళ నానమ్మ మణికట్టు మీద రెండు చుక్కలు వేసుకొని చూస్తుంది.