కష్టం పోయినా ఫికర్ ఎందుకు పోదు?

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఫికర్, పరేషాన్ అన్న మాటలు ఉర్దూ ఇళ్లకే పరిమితం కాలేదు. తెలుగు రైతు కూడా "ఒకటే ఫికరైతుంది" అనే అంటాడు. పత్తి ధర, సిరిసిల్ల మగ్గం, గల్ఫ్ వీసా కోసం చేసిన అప్పు... కారణాలకు ఇక్కడ కొదవ లేదు. కాని మన ముందున్న ప్రశ్న వేరు. అప్పు తీరుతుంది, దుబాయి వెళ్లిన కొడుకు క్షేమంగా ఇల్లు చేరతాడు. అయినా రాత్రి ఫోను మోగితే ఆ తల్లి ఉలిక్కిపడి లేస్తుంది. "అంతా అయిపోయింది గదా, ఇంకా భయమేంది? సబర్ చెయ్యి" అంటారు ఇంట్లోవాళ్లు. తావీజు కట్టించేవారూ ఉన్నారు. ఈమాన్ తగ్గిందని నిందించేవారూ లేకపోలేదు.

ఈ ప్రశ్నను మెదడులోని నాడీకణాల దగ్గరే తేల్చుకోవాలనుకున్న శాస్త్రవేత్త సుమంత్ర చట్టర్జీ. ఆయన ఐఐటీ కాన్పూర్‌లో చదివింది భౌతికశాస్త్రం. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి వెళ్లి మెదడు పరిశోధనలోకి మళ్లారు. 1999లో స్వదేశానికి వచ్చి బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయొలాజికల్ సైన్సెస్‌లో చేరారు.

అప్పటికి శాస్త్రలోకం దృష్టి ఎక్కువగా హిప్పోకాంపస్ మీదే ఉండేది. జ్ఞాపకాలకు ఆధారమైన భాగమది. ఒత్తిడిలో పుట్టే హార్మోను నేరుగా అక్కడికి చేరుతుందని న్యూయార్క్‌లో బ్రూస్ మెకెవెన్ 1968లోనే చూపారు. ఎడతెగని ఒత్తిడికి అక్కడి నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోతాయని కూడా తరువాత తేలింది. మరి భయాన్ని నడిపించే అమిగ్డాలా సంగతేమిటి? బాదం గింజను పోలి ఉంటుంది గనుకనే గ్రీకు మాటతో దానికా పేరు వచ్చింది.

చట్టర్జీ, ఆయన శిష్యులు ఎలుకలను రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలనీయకుండా ఉంచారు. 2002లో ఫలితం ప్రకటించారు. హిప్పోకాంపస్‌లో కొమ్మలు కుంచించుకుపోయాయి, అమిగ్డాలాలో మాత్రం పెరిగాయి! ఒకే ఒత్తిడి, ఒకే మెదడు. జ్ఞాపకాల తోట ఎండుతుంటే భయం చెట్టు చిగురించింది.

అసలు విషయం 2004లో బయటపడింది. ఒత్తిడి ఆపి ఎలుకలకు 21 రోజుల విశ్రాంతి ఇచ్చారు. హిప్పోకాంపస్ కోలుకుంది. అమిగ్డాలాలో పెరిగిన కొమ్మలు అలాగే ఉండిపోయాయి, ఎలుకల బెదురూ పోలేదు. ఆ తల్లికి "అంతా అయిపోయింది గదా" అని చెప్పేవారు ఈ 21 రోజుల సంగతి ఒకసారి ఆలోచించాలి.

2005 నాటి ప్రయోగం ఇంకా వింతైనది. ఒకే ఒక్కసారి, రెండు గంటలు నిర్బంధించారు. మర్నాడు చూస్తే అమిగ్డాలాలో మార్పేమీ లేదు. పదో రోజున కణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట కొత్త మొలకలు కనిపించాయి, భయమూ పెరిగింది. ప్రమాదం నుంచి బయటపడ్డ మనిషి మొదటి వారం బాగానే ఉండి, ఆ తరువాత నిద్ర పట్టక బాధపడటం మన ఊళ్లలో చూస్తూనే ఉంటాం. దెబ్బ తగిలిన రోజునే నొప్పి కనిపించాలన్న నియమం మనసుకు లేదన్నమాట.

ఎలుక మనిషి కాదు, నిజమే. మనిషికి మాట ఉంది, తోడు ఉంది, దువా ఉంది. అయినా భయపడే వ్యక్తి కావాలని భయపడటం లేదని చెప్పడానికి ఈ ప్రయోగాలు గట్టి ఆధారమే. సబర్ గొప్ప గుణం. అయితే సబర్ చెయ్యమని ఇతరులకు చెప్పడం తేలిక. జ్వరానికి మాత్ర వేసుకుంటే సబర్ పోయిందని ఎవరూ అనరు. మానసిక వైద్యుని దగ్గరికి వెళ్తే మాత్రం ఎందుకు అనాలి?

చట్టర్జీ ఆ తరువాత కోల్‌కతాలో ఒక మెదడు పరిశోధన కేంద్రానికి సారథి అయ్యారు. దాని ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపితే "చింత" అవుతుంది. బెంగాలీలో ఆ మాటకు ఆలోచన అని అర్థం. మన తెలుగులో చింత అంటే ఏమిటో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంట్లో ఇలాంటి బాధ ఉన్నవారు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్‌కు ఫోన్ చేయవచ్చు. నంబరు 14416. ఖర్చు లేదు, రాత్రి వేళ కూడా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.