మీ ఇంటి సినిమా పెట్టెకు తాళం వేశారా?

పిల్లలూ! రాత్రి పడుకునే ముందు వీధి తలుపు గడియ వేశారో లేదో పెద్దవాళ్లు ఒకసారి చూస్తారు కదూ? మీ ఇంట్లో కంటికి కనబడని తలుపు మరొకటి ఉండవచ్చు. దాని సంగతి ఎవరైనా చూశారా?

కొందరు ఇంట్లోని ఒక కంప్యూటరులో సినిమాలు, పాటలు, పెళ్లి ఫోటోలు దాచుకుని, వాటిని టి.వి.లోనూ ఫోనులోనూ చూస్తుంటారు. అడిగినవారికి అడిగింది అందించే ఆ కంప్యూటరే మీడియా సర్వర్. పొరుగూరు వెళ్లినప్పుడు కూడా చూడాలంటే రౌటరులో ఒక ద్వారం తెరవాలి. దానిని పోర్టు అంటారు. పోర్టుల సంఖ్యలు 0 నుంచి 65,535 వరకు ఉంటాయి. ప్లెక్స్ అనే సర్వర్ మామూలుగా 32400వ పోర్టును, జెల్లీఫిన్ 8096వ పోర్టును వాడుతాయి.

"మా ఇల్లెక్కడో దొంగకెలా తెలుస్తుంది?" అంటారేమో. తెలియనవసరం లేదు. ఐపీ నాలుగవ రకం ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లు. 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జీమ్యాప్ అనే ప్రోగ్రాం తయారుచేశారు. దాని సాయంతో ఒక్క కంప్యూటరే బయటికి కనిపించే ఆ చిరునామాలన్నింటి దగ్గర ఒక పోర్టును సుమారు 45 నిమిషాల్లో తట్టి చూడగలిగింది. అంటే మన బడిలో ఒక పీరియడు!

తట్టినంతమాత్రాన నష్టమేమిటి? వినండి. లాస్ట్‌పాస్ అనేది జనం పాస్‌వర్డులను భద్రపరిచే సంస్థ. అందులో కీలకమైన తాళాలు అందుబాటులో ఉన్నవారు నలుగురే. 2022లో వారిలో ఒకరి ఇంటి కంప్యూటరులోకి దొంగలు ప్లెక్స్‌లోని ఒక లోపం ద్వారా దూరారు. ఆయన నొక్కిన ప్రతి మీటనూ రహస్యంగా నమోదుచేసి, అసలు పాస్‌వర్డు పట్టేశారు. తర్వాత ఖాతాదారుల సమాచారం ఎత్తుకుపోయారు. చిత్రమేమిటంటే, ఆ లోపాన్ని ప్లెక్స్ సంస్థ 2020 మే నెలలోనే సరిచేసింది. ఆయన కొత్త రూపాన్ని వేసుకోలేదు, అంతే! చూశారా, దొంగకు కావలసింది మీ సినిమాలు కాదు. అక్కడినుంచి ఇంట్లోని మిగతా గదుల్లోకి వెళ్లడం.

మరి ఏం చేయాలి?

మొదటిది, సర్వరునూ రౌటరునూ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి.

రెండవది, పాస్‌వర్డు పొడవుగా ఉండాలి. 8 చిన్న ఇంగ్లీషు అక్షరాలతో 26ను 8 సార్లు గుణించినన్ని, అంటే సుమారు 20,882 కోట్ల మాటలు వస్తాయి. కంప్యూటరుకు అది పెద్ద లెక్క కాదు. మరో 4 అక్షరాలు చేర్చండి, దొంగ పని 4,56,976 రెట్లు పెరుగుతుంది!

మూడవది, రౌటరులో యూపీఎన్‌పీ అనే సదుపాయాన్ని ఆపండి. అది ఉంటే లోపలి పరికరాలు మిమ్మల్ని అడగకుండానే తలుపులు తెరిపించుకోగలవు.

నాలుగవది, సర్వరు పోర్టును నేరుగా తెరవకుండా వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ వాడాలి. సరైన తాళంచెవి లేనివారు తడితే వైర్‌గార్డ్ బదులే పలకదు. అక్కడ తలుపున్నట్టే బయటివారికి తెలియదు.

ఈ ఆదివారం పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రౌటరు సెట్టింగులు తెరవండి. ఎన్ని పోర్టులు తెరిచి ఉన్నాయో లెక్కపెట్టండి. ప్రతిదానికీ "ఇది ఎందుకు తెరిచాం?" అని అడగండి. జవాబు దొరకని తలుపును వెంటనే మూసేయండి!