పాత బండికి కొత్త క్లచ్

సముద్రమూ కొండలూ ఒకదానినొకటి ఒరసుకొని ఉన్న నగరం విశాఖపట్నం. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఆ నగర జీవనగతిని మార్చివేశాయి. షిఫ్టు వేళకు గాజువాక, కూర్మన్నపాలెం దారిలో శ్రామికుల ద్విచక్ర వాహనాలు బారులు తీరి సాగుతాయి. సెలవు దినాన అవే వాహనాలు వెనుక మరొకరిని కూర్చోబెట్టుకొని సింహాచలం కొండదారి ఎక్కుతాయి. చదును నేల మీద దాగి ఉన్న లోపాన్ని కొండదారి క్షణంలో బయటపెడుతుంది. గేర్లు లేని పాత స్కూటరుకు కొత్త క్లచ్ అమర్చినప్పుడు ఈ సత్యం మరింత స్పష్టమవుతుంది.

మన దేశంలో గేర్లు మార్చే శ్రమ లేని స్కూటరుకు ప్రాచుర్యం తెచ్చినది 1984లో వెలువడిన కైనెటిక్ హోండా. అయితే దాని వెనుక ఉన్న యంత్రసూత్రం అంతకు పూర్వమే ఆచరణలోకి వచ్చింది. 1958లో నెదర్లాండ్స్‌కు చెందిన డాఫ్ సంస్థ బెల్టుతో నడిచే ఇటువంటి ఏర్పాటును తన చిన్న కారులో ప్రవేశపెట్టింది. కెనడా వంటి శీతల దేశాలలో మంచు మీద పరుగెత్తే స్నోమొబైలుకూ ఇదే సూత్రం ఆధారం. మంచుగుట్ట ఎక్కే ఆ వాహనానికీ, సింహాచలం ఎక్కే స్కూటరుకూ ఎదురయ్యే సమస్య ఒక్కటే: భారం పెరిగినప్పుడు ఇంజను శక్తిని వృథా కానీయకుండా చక్రానికి అందించడం.

ఈ ఏర్పాటులో రెండు కప్పీలు, వాటిని కలిపే ఒక బెల్టు ఉంటాయి. ప్రతి కప్పీ ఎదురెదురుగా నిలిచిన రెండు ఏటవాలు పళ్లేల జంట. ఇంజనుకు అమర్చిన ముందు కప్పీని వేరియేటరు అంటారు. దాని లోపల సాధారణంగా ఆరు రోలర్లు ఉంటాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ అవి కేంద్రం నుండి బయటికి జరుగుతూ, కదిలే పళ్లేన్ని లోపలికి నెడతాయి. అప్పుడు బెల్టు ముందు కప్పీ అంచు వైపు పైకి ఎక్కుతుంది. వెనుక కప్పీ పళ్లేలను ఒక పెద్ద స్ప్రింగు దగ్గరగా నొక్కి ఉంచుతుంది. ముందు బెల్టు పైకి ఎక్కితే వెనుక అది ఆ స్ప్రింగును ఎదిరించి కేంద్రం వైపు దిగుతుంది. ఈ మార్పే గేరు మారడం. వెనుక కప్పీతో పాటు తిరిగే క్లచ్‌లో రాపిడి పూత గల షూలుంటాయి. నిర్దిష్ట వేగం రాగానే అవి చిన్న స్ప్రింగుల పట్టును అధిగమించి విచ్చుకొని, చుట్టూ ఉన్న బెల్‌ను పట్టుకుంటాయి. అప్పుడే చక్రం కదులుతుంది.

కనుక ఈ యంత్రంలో రెండు బలాల మధ్య నిరంతర సంవాదం జరుగుతూ ఉంటుంది. రోలర్ల బరువు ఒకవైపు, స్ప్రింగుల బిగువు మరొకవైపు. కొత్త క్లచ్ కొలతకు సరిపోయినంత మాత్రాన ఈ సంవాదం సమరసంగా సాగుతుందని చెప్పలేము. చిన్న స్ప్రింగులు మరీ మెత్తనివైతే షూలు ముందే పట్టుకొంటాయి. బండి కదిలే వేళ ఇంజను ఉక్కిరిబిక్కిరి అవుతుంది. మరీ బిగువైనవైతే ఇంజను ఎంత రొద చేసినా బండి ఆలస్యంగా కదులుతుంది; షూలు జారి, వేడెక్కి, పూత గాజులా నునుపెక్కుతుంది.

రోలర్ల విషయమూ ఇటువంటిదే. బరువైన రోలర్లు బెల్టును తొందరగా పైకి ఎక్కిస్తాయి. చదును దారిలో ఇంజను ప్రశాంతంగా నడుస్తుంది గాని, ఎత్తు ఎక్కేటప్పుడు నీరసిస్తుంది. తేలిక రోలర్లతో ఎక్కుడు సులభమవుతుంది గాని, చదును దారిలో ఇంజను అనవసర వేగంతో తిరిగి ఇంధనాన్ని ఎక్కువగా తాగుతుంది. అపకేంద్ర బలం బరువును బట్టీ, తిరిగే వేగపు వర్గాన్ని బట్టీ మారుతుంది. ఒక్కొక్కటి 10 గ్రాముల రోలర్లను 9 గ్రాములకు తగ్గిస్తే, అదే స్థానంలో అంతే బలం కలగడానికి నిమిషానికి 6000 చుట్లు తిరిగే ఇంజను సుమారు 6320 చుట్లు తిరగవలసి వస్తుంది. ఒక్క గ్రాము తేడాకే ఇంత ప్రభావం ఉంది.

అందుచేత నేర్పరి అయిన మెకానిక్ సరిచూడడంతో పని ప్రారంభిస్తాడు. పాత బెల్టు వెడల్పు కొలిచి, తయారీదారు కైపుస్తకంలో పేర్కొన్న హద్దుకు తగ్గిందేమో చూస్తాడు. ఒకవైపు అరిగి చదునైన రోలర్లను తొలగిస్తాడు. అరుగుదలతో చారలు పడిన బెల్‌లో కొత్త షూలు సరిగా కూర్చోక బండి వణుకుతుందని ఎరిగి, దానినీ పరిశీలిస్తాడు. పాత షూల ధూళిలో హానికరమైన ఆస్బెస్టాస్ ఉండవచ్చు. కనుక దానిని ఊదకుండా తడిగుడ్డతో తుడుస్తాడు. కప్పీ పళ్లేల మీద గ్రీజు మరక మిగలనీయడు.

తరువాత పరీక్ష. కొత్త షూలు బెల్‌కు ఒరిసి కుదురుకునే వరకు బండిని నెమ్మదిగా నడపాలి. అంతవరకు తీర్పు చెప్పరాదు. ముందు కప్పీ పళ్లెం మీద మార్కరు కలంతో కేంద్రం నుండి అంచు వరకు ఒక గీత గీసి, మూత బిగించి, బండిని నడిపి చూస్తారు. గీత ఎంత మేర చెరిగితే బెల్టు అంత మేర పళ్లేన్ని వాడుకున్నదని అర్థం. ప్రతిసారీ అదే దారి, అంతే భారం ఉండాలి. ఒక్కసారి ఒక్క భాగాన్నే మార్చాలి, ఫలితాన్ని రాసుకోవాలి. రోలర్లను, స్ప్రింగులను ఒకేసారి మార్చినవానికి మేలు దేనివల్ల కలిగిందో, కీడు దేనివల్ల వచ్చిందో తెలియదు.

ఇంత శ్రద్ధ ఎందుకన్న ప్రశ్నకు కొండదారే సమాధానం చెబుతుంది. కుదరని క్లచ్ గల బండి వంపులో నిలిచిపోతే, వెనక్కి జారే బండినీ, వెనుక కూర్చున్న మనిషినీ నడిపేవాడు కాళ్లతో ఆపవలసి వస్తుంది. దిగేటప్పుడు వేగం బాగా తగ్గితే షూలు బెల్‌ను విడిచిపెడతాయి. ఇంజను అడ్డు తొలగి, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. కనుక క్లచ్ మార్చిననాడు బ్రేకులను కూడా సరిచూడడం వివేకం.

కొత్త భాగం బజారులో దొరుకుతుంది. పాత యంత్రంతో దానికి పొత్తు కుదర్చడం మాత్రం పనివాని ఓర్పు మీద, చేతి నేర్పు మీద ఆధారపడి ఉంటుంది. ఒక్క గ్రాము బరువును, ఒక్క స్ప్రింగు బిగువును తేలికగా తీసుకోని పనివాని చేతిలో పాత బండి కొండను ఎక్కుతుంది. దానిపై ఉన్నవారు క్షేమంగా ఇల్లు చేరుతారు.